వెల్లకిలా నడిచే పురుగు

కోడుమూరు నుంచి మట్టిరోడ్డు పట్టి ఆరు మైళ్ళు పోతే ఎర్రదిన్నె వస్తుంది. ఆ ఊళ్ళో మహానందిని మించి నేల సంగతి తెలిసినవాడు లేడని అందరూ అనేవాళ్ళు. అందరికంటే ముందు మహానందే అనేవాడు. వాన పడిన మర్నాడు ఎవరో ఒకరు పిలుచుకుపోతే, చేనులో గొంతుక్కూర్చుని పిడికెడు మన్ను తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఊరిని నిలబెట్టి ఉంచేవాడు. ఆ తర్వాత "రేపు కట్టు విత్తనాల గొర్రు" అనో, "ఇంక రెండు దినాలు తాళు" అనో చెప్పేవాడు. చెప్పింది జరిగితే జనం మహానందిని మెచ్చుకునేవాళ్ళు, జరగకపోతే వానను తిట్టుకునేవాళ్ళు. అట్లాంటి పేరు ఒకసారి వచ్చిందంటే పోగొట్టుకోవడం కూడా కష్టమే.

ఇంత పేరున్న మనిషి ఐదేళ్ళ పాటు ఒక చేనులోకి మాత్రం కాలు పెట్టలేదు. అదేమీ ఎక్కడో దూరాన లేదు. తన చేనుకు గట్టు అవతలే ఉంది. సొంత వదిన చేను.

వదిన పేరు నాగక్క. మహానంది అన్న పెద్ద ఈరన్న జ్వరమొచ్చి పోయాక ఆమెకు మూడెకరాల ఎర్రనేల, జత ఎద్దులు, ఒక ఆవు, ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ పనివాడికిచ్చిన కూతురు శివజ్యోతి మిగిలారు. మడక దున్నడానికి కూలిమనిషిని పెట్టుకునేది. తక్కినదంతా తన రెక్కల మీదే నడిపేది. ఆమెకు రెండు విషయాల్లో ఊళ్ళో సాటి లేదు. ఒకటి ఆమె పెంటదిబ్బ. పేడ, పొట్టు, కసువు, పొయ్యిలో బూడిద, ఏదీ పారేయదు. పొరలు పొరలుగా వేసి, తడి చల్లి, ఏడాది తిరిగేసరికి అది కాఫీపొడి మాదిరి అయ్యేది. రెండోది ఆమె పిలుపు. తను ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఎదురుగా ఎవరున్నా సరే, గొర్రెల కాపరైనా, నిన్న నీళ్ళ దగ్గర తగవు పడిన మనిషైనా, "రాప్పా, తిందువు" అనాల్సిందే. అనకుండా తిన్నది ఎవరూ చూడలేదు.

రెండువేల రెండులో వానలే అంతంతమాత్రం. వచ్చిన నాలుగు చినుకులకు మొలిచిన బుడ్డల చేలకు, అంటే వేరుశనగకు, వేరుపురుగు తగులుకుంది. పచ్చగా ఉన్న మొక్క పొద్దున లేచేసరికి వాడిపోయి ఉంటుంది. పట్టుకుని లాగితే వేరు లేకుండా చేతికొస్తుంది. కింద తవ్వితే తెల్లగా, వేలంత లావున, కొడవలి మాదిరి వంకర తిరిగిన పురుగు. మహానంది చేను సగం పోయింది. మన్ను వాసన చూసి మాట చెప్పే మనిషి చేనులోనే పురుగా అని ఎవరో నవ్వారట. నవ్విన మాట నడిచి వచ్చి చెవిలో పడకుండా ఉంటుందా?

ఆ కోపంలో ఉన్నవాడికి నాగక్క పెంటదిబ్బలో అదే పురుగు కనిపించింది. కనిపించిందనుకున్నాడు. గడ్డపారతో ఒక పెళ్ళ తీస్తే పదులకొద్దీ తెల్లగా కదులుతున్నాయి. ఒకదాన్ని తువ్వాల్లో వేసుకుని నేరుగా ఉగ్గాని బజ్జీల హోటలు దగ్గరికి పోయి, బెంచీ మీద అందరి ముందూ పెట్టాడు.

"సూడండప్పా, పురుగు యాడ పుడతాండాదో. మా వదిన దిబ్బలో. ఈడ నుంచి దిబ్బతో పాటు సేనుకు పోతాండాది," అన్నాడు.

బీడీల కోసం పక్క అంగడికొచ్చిన నాగక్క అక్కడే నిలబడింది. వంగి ఆ పురుగును చూసింది.

"ఇది ఆ పురుగు గాదు మహానందీ. సూడు, వెల్లకిలా పోతాండాది. యేర్లు కొరికేది కాళ్ళ మీదనే పాకుతాది. ఇది వీపు మీద నడుస్తాది. పెంట తిని మన్ను చేస్తాది గానీ సెట్టు జోలికి పోదు. మా అమ్మ సెప్పేది," అంది.

నిజమే, బెంచీ మీద ఆ పురుగు కాళ్ళు ఆకాశానికి పెట్టి, వీపును అలలు అలలుగా కదిలిస్తూ పోతోంది. మహానందికి అది కనబడింది కూడా. కానీ హోటలు ముందు పది మంది ఉన్నారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మనిషి. "పురుగు పండుకుని నడిస్తేనేమి, లేసి నడిస్తేనేమి వదినా, పురుగు పురుగే," అని పకపకా నవ్వాడు. పది మందీ నవ్వారు. నాగక్క బీడీల కట్ట కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఎర్రగుంట్ల నుంచి కబురొచ్చింది, శివజ్యోతికి నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయని. నాగక్క పోతూ పోతూ మరిది గుమ్మం ముందు ఆగింది.

"ఇరవై దినాలు పడతాదేమో. ఆవుకు, ఎద్దులకు నీళ్ళు సూపియ్యి. దిబ్బ నువ్వే దగ్గరుండి సేనుకు తోలిచ్చు. వేరే ఎవరికి సెప్పినా పైపైన తోలి సగం ఇడుస్తారు. నువ్వయితే నాకు బెంగ ల్యా."

ఆ మాట మహానంది జీవితాంతం మరిచిపోలేదు. నువ్వయితే నాకు బెంగ లేదు అంది.

ఆమె బస్సెక్కిన మూడో రోజు అతను కోడుమూరు పోయి మందుల అంగడిలో గుళికలు తెచ్చాడు. అంగడివాడు మంచిగానే చెప్పాడు. విత్తేటప్పుడు ఎకరాకు ఇంతని ఇసకలో కలిపి సాలులో వేయమన్నాడు, చేతికి కవరు తొడుక్కోమన్నాడు, ఎక్కువ వేయొద్దన్నాడు. దిబ్బలో కలపమని ఎవరూ చెప్పలేదు. అది మహానంది సొంత తెలివి. చేనంతా చల్లడమెందుకు, పుట్టినచోటే చంపితే పోలా అనుకున్నాడు. వదినకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆమె ఉన్నప్పుడు ఎందుకు చేయలేదని అడిగితే మాత్రం అతని దగ్గర జవాబు లేదు.

చెప్పిన దానికి మూడింతలు పోశాడు. పోసి, పారతో తిరగేసి కలిపాడు. కుళ్ళిన వెల్లుల్లి మాదిరి వాసన ముక్కులో దూరి ఆ పొద్దంతా వాంతులు చేసుకున్నాడు. సాయంత్రానికి దిబ్బలోని తెల్లపురుగులన్నీ పైకి వచ్చి వెల్లకిలా పడి ఉన్నాయి. ఈసారి కదలడం లేదు. అవే కాదు. నల్లటి పేడపురుగులు, ఎర్రలనే వానపాములు, జెర్రిపిల్లలు, పేరు తెలియని చిన్నచిన్నవన్నీ కుప్పగా చచ్చి ఉన్నాయి. ఇంత జనం ఉందా ఈ దిబ్బలో అని అతనికి మొదటిసారి తెలిసింది.  అయినా ముప్పై బండ్ల ఎరువూ వదిన చేనుకు తోలించాడు. తన దిబ్బకు మందు చాలలేదు. వచ్చే వారం తెచ్చుకుందామనుకున్నాడు.

వచ్చే వారం తెచ్చుకోలేదు. ఎందుకంటే ఈలోగా ఒక పెద్దవాన పడింది. తెల్లారి చేలు చూడబోతే, వదిన చేనులో ఎర్రలు పైకొచ్చి మెలికలు తిరిగి చచ్చి ఉన్నాయి. వాటిని తిన్న గోరింకలు అక్కడక్కడా రెక్కలు పరుచుకుని పడి ఉన్నాయి. ఏడు గోరింకలు. ఎవరూ రాకముందే వాటిని ఏరి, తువ్వాల్లో మూటగట్టి, గట్టు కింద గుంత తీసి పూడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, దొంగ మాదిరి అటూ ఇటూ చూసుకుంటూ పూడ్చాడు. ఆ రోజు నుంచి ఆ చేనులోకి అడుగుపెట్టలేదు. తన దిబ్బకు మందు తేలేదు. వదిన చేను ఎండగట్టి తన చేను కాపాడుకున్నాడని మీరంటే, అతను కాదనడు.

నాగక్క మనవరాలిని చూసుకుని తిరిగొచ్చింది. శనివారం పొద్దుపోయాక వాన కురిసింది. ఆదివారం ఆమె మరిదిని పిలిచింది, వచ్చి మన్ను వాసన చూసి గొర్రు ఎప్పుడు కట్టాలో చెప్పమని. తనకు కోడుమూరులో పనుందని మహానంది తప్పించుకున్నాడు. తడి ఆరిపోతుందేమోనన్న భయంతో ఆమె తనే లెక్క వేసుకుని సోమవారం పొద్దున కాడి కట్టించింది.

మా పడమటి ఊళ్ళల్లో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న రోజు. ఆ ఒక్కరోజు ఎద్దు దేవుడి సొమ్ము, మనది కాదు. కరువు మీద కరువొచ్చి తడి విలువ పెరిగాక నాలుగు ఇళ్ళవాళ్ళు చాటుగా కట్టుకోవడం కద్దు. నాగక్క చాటుగా కూడా కట్టలేదు, అందరూ చూస్తుండగానే కట్టించింది.

విత్తనం మొలిచింది. మొలిచి పసుపురంగుకు తిరిగింది. ఎరువు ఎరువుగానే ఉండిపోయింది. పొట్టు పొట్టుగా, పేడగడ్డ పేడగడ్డగా పైన ఎండి కూర్చుంది. దాన్ని మన్నులోకి గుంజుకుపోయే పేడపురుగు లేదు, పొట్టు కొరికే చెద లేదు, నేలకు బొక్కలు పెట్టే చీమ కూడా లేదు. వాన పడితే నీళ్ళు ఇంకకుండా పైపైన జారి గట్టు తెంపుకుని పోయాయి. ఆరుద్ర కార్తెలో ప్రతి ఏడూ మన్నులోంచి ఎర్రని మఖమల్ ముక్కల మాదిరి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఆ ఏడు గట్టుకు ఇటుపక్క మహానంది చేనులో వచ్చాయి. అటుపక్క ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నాగక్క చేనంతా వంగి వెతుకుతుండడం మహానంది తన చేనులో నుంచి చూశాడు.

ఊళ్ళో మాట పుట్టింది. హోటలు దగ్గర మేకల అయ్యన్న అన్నాడు: "సోమవారం కాడి కట్టిచ్చె గదా నాగక్క. బసవన్న ఊరుకుంటాడా? నేలలో జీవం తీసుకుపోయినాడు. ఏమప్పా మహానందీ, నీకు తెలిసినంత మాకు తెల్దు. అంతేనా?"

అందరూ అతని వైపు తిరిగారు. ఒక్క మాట చెబితే అయిపోయేది. కాదప్పా, నేను మందు కలిపినాను అంటే చాలు. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు. రెండు రోజుల తర్వాత ఎవరి పని వాళ్ళకుండేది. మహానంది చేతిలో గ్లాసు వైపు చూశాడు.

"ఊఁ," అన్నాడు.

అంతే అన్నాడు. మన్ను వాసన చూసి మాట చెప్పేవాడి ఊఁ అది. పొద్దుగూకేలోపల ఆ ఊఁ నాగక్క ఇంటికి చేరింది.

ఆ తర్వాత ఆమె చేసినవన్నీ మహానంది కళ్ళ ముందే జరిగాయి. దసరా కాగానే జత ఎద్దుల్ని ఎమ్మిగనూరు సంతకు తోలుకుపోయి అమ్మేసింది. కాడి కట్టే యోగ్యత తనకు లేదంది. ప్రతి సోమవారం పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. ఏటా శ్రావణంలో చెప్పుల్లేకుండా ఉరుకుంద ఈరన్నస్వామి గుడికి నడిచిపోయి వచ్చేది. ఎవరి బాడుగ ట్రాక్టరుతోనో పైపైన గీరించి, నాలుగు గింజలు వేసి, వచ్చింది ఏరుకునేది. దిబ్బ వేయడం మానేసింది. తన చెయ్యి తగిలిన ఎరువు ఆ నేలకు పనికిరాదని ఆమె నమ్మకం.

మరి ఆవు పేడ ఏమయింది? అదే మహానందిని చంపింది. రోజూ పొద్దున గంపెడు పేడ నెత్తిన పెట్టుకుని వచ్చి అతని దిబ్బలో పోసేది.

"నా సేనుకు ఎట్లా పట్టదు. పారేస్తే పాపం. నీ దిబ్బలో పడనీ," అనేది.

మొదటి రోజు వద్దన్నాడు. "అట్లనద్దు అబ్బీ, దీంట్లో నా దోసం ఏముండాది, ఆవు పేడే గదా," అందామె. అంటే తన పేడకు కూడా దోషం అంటుకుందేమోనని మరిది భయపడుతున్నాడని అనుకుంది. ఇంక వద్దనడానికి అతనికి నోరు రాలేదు. తేలు కుట్టిన దొంగకు అరిచే వీలుంటుందా? ఐదేళ్ళు ఆమె ఆవు పేడ తిని అతని చేను బలిసింది. మహానంది చేను చూడప్పా, బంగారం పండుతోంది అని జనం అన్నప్పుడల్లా అన్నం సయించేది కాదు. పెళ్ళాం అడిగితే కడుపులో మంట అనేవాడు. కోడుమూరు డాక్టరు ఇచ్చిన మాత్రలు రెండేళ్ళు మింగాడు. ఆ మంటకు మాత్రలుంటే దేశంలో సగం మంది సుఖంగా ఉండేవాళ్ళు.

రెండువేల ఎనిమిది ఎండాకాలం వచ్చింది. కర్నూలు చుట్టూ ప్లాట్లు వేస్తున్న కాలం అది. గుంతలు పూడ్చి ఎత్తు చేయడానికి ఎర్రమట్టి కావాలని బసవరాజ్ అనే కాంట్రాక్టరు పల్లెలు తిరుగుతున్నాడు. నాగక్క చేను చూశాడు. పైన మూడడుగుల మన్ను తోడుకుంటానన్నాడు. తోడిన తర్వాత కింద మిగిలేది సుద్దరాయి. అందులో తుమ్మచెట్టు కూడా మొలవదు. ఆ సంగతి నాగక్కకూ తెలుసు.

"జీవం లేని మన్ను. ఈడ ఉంటే నన్ను సూసి ఏడుస్తాది, నేను దాన్ని సూసి ఏడుస్తా. ఎవరి ఇంటి కిందనో పడి ఉండనీ," అంది. వచ్చే సోమవారం బండ్లు రమ్మంది.

ఆ వారంలోనే, రైతులకు చేలల్లోనే నేర్పే పొలంబడి పెడతామని సుచరిత అనే అమ్మాయి ఊరికొచ్చింది. వ్యవసాయం చదువుకున్న పిల్ల. భుజాన బ్యాగు, మోకాళ్ళ దాకా మట్టి. పాఠాలేమీ చెప్పలేదు. పార అడిగి, గట్టుకు ఇటు మహానంది చేనులో ఒకటి, అటు నాగక్క చేనులో ఒకటి, అడుగు వెడల్పు అడుగు లోతు గుంతలు తీయించింది. తీసిన మన్ను రెండు తెల్ల పంచెల మీద పోసి, కదిలేదాన్నల్లా లెక్కపెట్టమంది. జనం చుట్టూ మూగారు. ఇటువైపు మన్నులో చీమలు, చెదలు, పేడపురుగులు, రెండు ఎర్రలు, జెర్రి, సాలీళ్ళు అన్నీ కలిపి అరవై నాలుగు తేలాయి. అటువైపు మన్నులో మూడు చీమలూ ఒక పేడపురుగూ తేలాయి.

"అవ్వా, ఈ చేనుకు పెంట వేసి ఎన్నేండ్లయింది?" అని సుచరిత అడిగింది.

"ఐదేండ్లమ్మా."

"మందులేమైనా ఎక్కువగా వేశారా?"

"ఎన్నడూ ల్యా. సోమవారం కాడి కట్టినా. అందుకే ఇట్లయింది."

సుచరిత నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఒక్క పేడపురుగును వేలిమీదికి ఎక్కించుకుంది. "ఇది పక్క చేనులోంచి వచ్చింటాది. అంటే ఈ మన్ను చావలేదు, ఆకలితో ఉంది. ఒకప్పుడు ఏదో విషం పడిందనుకో, వానలకూ ఎండలకూ ఏడాదిలో దాని బలం తగ్గిపోతాది. అప్పుడు పెంట పడి ఉంటే ఇవన్నీ తిరిగొచ్చేవి. తిండి లేని ఇంటికి ఎవరొస్తారు?"

మహానంది గట్టుకు ఇవతలే నిలబడి ఈ మాట విన్నాడు. ఐదేళ్ళుగా తన మందే ఆ చేనును చంపిందని కుమిలిపోతున్నాడు. కాదట. మందు చంపింది ఒక్క ఏడాదే. తక్కిన నాలుగేళ్ళు చంపింది తన ఊఁ. ఆ ఊఁ వల్లే ఆమె దిబ్బ మానేసింది, ఆ ఊఁ వల్లే ఎద్దులు పోయాయి. మందు బలం ఏడాదికే పోయింది గానీ మాట బలం పోలేదు. తువ్వాలు నెత్తిన కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఎండదెబ్బ అనుకుని ఎవరో నీళ్ళిచ్చారు.

శనివారం పొద్దున చెప్పేయాలనే వదిన ఇంటికి పోయాడు. ఆమె అప్పుడే జొన్నరొట్టె కాల్చి పళ్ళెంలో పెట్టుకుంది.

"రా, తిందువు," అంది.

"వద్దు వదినా, నీకొక మాట సెప్పాల."

"తిన్నాక సెప్పు. ఊరిమిండి నూరినా, నీకు ఇష్టం గదా."

కూర్చున్నాడు. ఆమె రొట్టె మీద ఆ బుడ్డల పచ్చడి వేసి, నూనె పోసి పెట్టింది. అది తింటూ నిజం చెప్పడం ఎవరివల్ల అవుతుంది? మింగాడు, చెయ్యి కడుక్కున్నాడు, "బండ్లు సోమవారమేనా?" అని అడిగి వచ్చేశాడు. ఆదివారం మళ్ళీ గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. తనను తాను తిట్టుకోవడానికి తెలిసిన బూతులన్నీ అయిపోయాయి.

సోమవారం ఎండెక్కకముందే జేసీబీ, దాని వెనక మూడు ట్రాక్టర్లు వచ్చి చేను మొదట్లో నిలబడ్డాయి. చూడడానికి ఊరు వచ్చింది. ఊరికేం, ఏది పోతున్నా చూడడానికి వస్తుంది. నాగక్క తుమ్మచెట్టు కింద కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. బసవరాజ్ చెయ్యి ఊపాడు. మిషన్ కదిలింది. మహానంది ఐదేళ్ళ తర్వాత గట్టు దాటి ఆ చేనులోకి దిగి, దాని ముందు నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది, తొలుగు," అన్నాడు బసవరాజ్.

మహానంది అతనితో మాట్లాడలేదు. భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. అందులో తన దిబ్బలో నుంచి తెచ్చిన తెల్లపురుగు ఉంది. అది కాసేపు ముడుచుకుని ఉండి, తర్వాత విచ్చుకుని, కాళ్ళు పైకి పెట్టి, వీపు మీద నడవడం మొదలుపెట్టింది. నాగక్క లేచి వచ్చి చూసింది.

"వదినా, ఇది వెల్లకిలా పోతాండాది. నువ్వు ఆ పొద్దు సెప్తివి, నేను పది మందిలో నవ్వితిని. నువ్వు ఎర్రగుంట్లకు పోయినప్పుడు నీ దిబ్బలో గుళికలు కలిపినా. మూడింతలు పోసినా. నీ సేనులో సచ్చిన గోరింకల్ని నేనే పూడిస్తి. అదిగో, ఆ గట్టు కింద. సోమవారం కాదు వదినా. బసవన్న కాదు. నేను."

మిషన్ నడిపేవాడు ఇంజను ఆపేశాడు.  నాగక్క చాలాసేపు ఆ పురుగు వైపే చూసింది. అది తువ్వాలు అంచు దాటి మన్నులోకి దిగింది.

"సోమవారం కాదా?" అంది.

"కాదు వదినా."

"మందు ఏసినావు. నా మంచికే అనుకుని ఏసింటావు, సరే. తెలీక సేసినావు. అయ్యన్న అడిగినప్పుడు ఊఁ అంటివంట. అది ఎవరి మంచికి అన్నావు?"

   ఆమె తిడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని, చెప్పు తీస్తుందని అనుకుని వచ్చాడు మహానంది. దానికి సిద్ధపడి కూడా వచ్చాడు. కొడితే ఎంత బాగుండునో.

ఆమె బసవరాజ్ వైపు తిరిగింది. "బండ్లు మళ్ళిచ్చుకో నాయనా. మన్ను ఇయ్యను," అంది.  బండ్లు వచ్చిన దారినే పోయాయి.

అప్పుడు మరిదితో అంది: "ఐదేండ్లు నా ఆవు పేడ నీ దిబ్బలో పోసినా. అంతకంతా తెచ్చి ఈడ పొయ్యి."

"అట్లనే వదినా. ఇప్పుడే బండి కడతా."

"సోమవారం. ఎద్దులేం పాపం చేసినాయని కడతావు? గంపతో మోయి."

మహానంది మోశాడు. యాభై ఏడేళ్ళ మనిషి, గంప నింపి, నెత్తిన పెట్టుకుని, గట్టు దాటి, వదిన చేనులో కుప్ప పోసి, మళ్ళీ పోయి నింపుకొచ్చాడు. ఊరు కాసేపు చూసి ఇళ్ళకు పోయింది. కొడుకు వరసైనవాడొకడు సాయం పడతానంటే వద్దన్నాడు. గంపలో నుంచి తెల్లపురుగులు రాలి దారిలో పడితే, దించి, ఒక్కొక్కదాన్నీ ఏరి మళ్ళీ గంపలో వేసుకున్నాడు. మధ్యాహ్నానికి ముప్పై గంపలయ్యాయి. మెడ నిలవడం లేదు. చేనులో చూస్తే చాపంత నేల కూడా కప్పబడలేదు. దిబ్బ తోలడం ఇవాళ అయ్యేది కాదు, ఈ వారంలో అయ్యేది కాదు.

ఎండ నడినెత్తికి వచ్చాక నాగక్క ఇంటికి పోయి మూట పట్టుకుని తిరిగొచ్చింది. తుమ్మచెట్టు కింద కూర్చుని విప్పింది. రొట్టెలు, ఊరిమిండి, ఒక ఉల్లిగడ్డ. ఐదేళ్ళలో సోమవారం ఎండపొద్దున ఆమె ముందు తిండి ఉండడం అదే మొదలు. మేకలు తోలుకుంటూ అయ్యన్న గట్టు వెంబడి పోతున్నాడు. పొద్దుటి సంగతికి మొహం చెల్లక తల వంచుకుని పోతున్నాడు.

"రాప్పా అయ్యన్నా, తిందువు," అంది.

అయ్యన్న తటపటాయించి, వచ్చి కూర్చున్నాడు. ఆమె అతనికి ఒక రొట్టె పెట్టింది. నాలుగడుగుల దూరంలో మహానంది గంప దించి, నెత్తి మీది చుట్టకుదురు తీసి చెమట తుడుచుకుంటూ ఆమె వైపు చూశాడు. ఆమె రొట్టె తుంచింది, పచ్చడి అద్దుకుంది, నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచుకుంది.

 మహానంది ఖాళీ గంప ఎత్తుకుని గట్టు దాటి తన దిబ్బ దగ్గరికి పోయాడు.